కొండ త్రాగిన నీరు

వర్షము కురిసిన మరునాడు ఏ ఊర ఎన్ని సెంటిమీటర్ల వాన పడినదో చదివి వినిపించుట రేడియో కేంద్రమున పనిచేయు మాకు నిత్యకృత్యము. వానమాపకములో నిలిచిన నీటిని కొలిచి వాతావరణ శాఖవారు అంకె పంపుదురు, మేము చదువుదుము, శ్రోతలు విందురు. రైతు తన చేనిని తలచుకొనును. పట్టణవాసి తన వీధిలోని మురుగుకాలువను తలచుకొనును. కాని కొండవాలున ఇల్లు కట్టుకొన్నవానికి కావలసినది ఆ అంకెలో లేదు. వానమాపకములో పడిన నీరు అందులోనే నిలుచును. కొండపై పడిన నీరు కొంత జారిపోవును, కొంత ఆవిరియగును, మిగిలినది మన్నులోనికి ఇంకును. ఇంకిన నీరు ఎంత లోతునకు దిగినది? ఎంత వేగమున దిగుచున్నది? దిగి లోపల ఏమి చేయుచున్నది? ఈ ప్రశ్నలకు లెక్క కట్టి సమాధానము చెప్పుట మానవునకు చిరకాలము చేతకాలేదు. చేతనైనంత మట్టునకు అది ఎట్లు చేతనైనదో, అందుకు ఎంత మూల్యము చెల్లింపవలసివచ్చినదో ఈ ప్రసంగమున చెప్పదలచినాము.

మట్టివాలులో నీరు ఊరుట ప్రమాదమని మన పెద్దలు ఎరుగకపోలేదు. కడప సీమలోని పోరుమామిళ్ళలో 1369 నాటి సంస్కృత శాసనమొకటి కలదు. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు అచ్చట కట్టించిన పెద్ద చెరువును గూర్చిన శాసనమది. వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండేండ్లపాటు పనిచేసిన సంగతి అందు చెక్కబడియున్నది. చెరువునకు కావలసిన 12 అంగములను చెప్పి, పిదప ఉండరాని 6 దోషములను ఆ శాసనము వరుసగా పేర్కొనును. వానిలో మొట్టమొదటిది కట్టనుండి నీరు ఊరుట. ఉప్పునేలకంటె, రెండు రాజ్యముల సరిహద్దున చెరువుండుటకంటె ముందుగా ఊటను పేర్కొన్నవాడు కట్టలు తెగుట కన్నులార చూచినవాడై యుండవలెనని మా ఊహ. ఐనను, ఊట చెడ్డదని తెలియుట వేరు. ఇంత వాన కురిసినచో ఇన్ని గంటలకు ఇంత లోతునకు నీరు దిగునని చెప్పగలుగుట వేరు. ఈ రెండవ విద్యకు మూలము ఫ్రాన్సు దేశములోని డిజాన్ నగరమున దొరకినది.

ఆ నగరమున పుట్టిన హెన్రీ డార్సీ అను ఇంజనీరు 1840లో దూరపు ఊటనుండి డిజాన్‌కు మంచినీరు రప్పించి జనుల మెప్పు పొందినవాడు. నీటిని ఇసుకలో వడకట్టుటకు ఎంత ఇసుక కావలెనో తేల్చుకొనుటకై అతడు నిలువుగొట్టములో ఇసుక నింపి, పైనుండి నీరు వదలి, క్రిందికి ఎంత వచ్చుచున్నదో కొలిచెను. ఇసుక పొరకు పైన, క్రింద ఉండు నీటిమట్టముల భేదము హెచ్చినకొలది ప్రవాహము హెచ్చును. పొర మందము హెచ్చినకొలది తగ్గును. 1856లో అచ్చయిన గ్రంథమున ఈ సూత్రము వెలువడినది. భూగర్భజలమును గూర్చిన గణితమంతయు నేటికిని ఆ ఇసుకగొట్టముపైననే నిలిచియున్నది.

కాని డార్సీ గొట్టములోని ఇసుక పూర్తిగా నీటితో నిండియుండెను. కొండవాలు అట్లుండదు. అందులో కొంత నీరు, కొంత గాలి. మన రైతు పదును అని పిలుచునది ఈ నడిమి స్థితినే. సముద్రపుటొడ్డున పిల్లలు కట్టు పిచ్చుకగూళ్ళను జ్ఞప్తికి తెచ్చుకొందము. పొడియిసుకతో గూడు నిలువదు. తడియిసుకతో చక్కగా నిలుచును. ఆ గూటిపై చెంబెడు నీరు పోసినచో కరగి కూలిపోవును. ఇసుక అదే, పాదము అదే. మారినది నీటి పాలు మాత్రమే. రేణువుల సందులలో కొద్దిగా నిలిచిన నీరు రేణువులను ఒకదానినొకటి దగ్గరకు లాగిపట్టుకొనును. సందులు నిండిపోయినప్పుడు ఆ పట్టు విడిపోవును. శాస్త్రజ్ఞులు ఈ పట్టును చూషణమందురు. అమెరికా వ్యవసాయశాఖలో పనిచేసిన ఎడ్గర్ బకింగ్‌హామ్ 1907లో దీనిని గణితములోనికి తెచ్చెను. నిండని మన్నులో నీరు నడచు వేగము ఆ మన్నులో అప్పటికి ఎంత తడి ఉన్నదను దానిపై ఆధారపడునని అతడు చూపెను. మన్ను ఆరినకొలది నీటికి దారి ఇరుకగును. తడిసినకొలది దారి విశాలమగును.

డార్సీ సూత్రమును, బకింగ్‌హామ్ భావమును కలిపి ఒక సమీకరణముగా కట్టినవాడు లోరెంజో రిచర్డ్స్. 1931లో అచ్చయిన ఆ సమీకరణము అతని పేరనే ప్రసిద్ధమైనది. ఇచ్చట ఒక చిన్న న్యాయము చెప్పక తప్పదు. వాతావరణమును లెక్కలతో ముందుగా చెప్పవచ్చునని 1922లో గ్రంథము వ్రాసిన ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ అంతకు తొమ్మిదేండ్లు ముందే ఈ సమీకరణమును ఆ గ్రంథమున ఇమిడ్చియుండెను. వాతావరణ గ్రంథములో మన్ను సంగతి వెదకువారు అరుదు గనుక అది మరుగుపడినది.

రిచర్డ్స్ మరియొక మేలు చేసెను. మన్నులోని చూషణమును పొలములోనే కొలుచు టెన్షియోమీటరు అను పరికరమును తీర్చిదిద్దినవారిలో అతడు ముఖ్యుడు. ఇది చూచుటకు చాల సామాన్యమైనది. ఒక నిడుపాటి గొట్టము, దాని అడుగున కాల్చిన మట్టితో చేసిన చిన్న గిన్నె, పైన ఒత్తిడిని చూపు ముల్లు. గొట్టము నిండ నీరు పోసి మూసి, గిన్నెను నేలలో పాతవలెను. మన కుండ చెమర్చినట్లు ఆ గిన్నెయు నీటిని బయటకు వదలును. చుట్టునున్న మన్ను ఎంత దాహముతో నున్నదో అంత బలముగా నీటిని లాగును. ఆ లాగుడు ముల్లుపై కనబడును. వాన పడి మన్ను దాహము తీరగానే ముల్లు సున్నవైపు తిరుగును. పైరులకు ఎప్పుడు నీరు పెట్టవలెనో తెలిసికొనుటకు పుట్టిన పరికరమిది. కొండ క్రింది ఇండ్లలోని మనుష్యుల ప్రాణములకు దీనితో సంబంధము కలుగునని అప్పుడెవరు తలచియుందురు?

వాలు ఎందుకు జారునను ప్రశ్నకు సమాధానము వేరొక దిక్కునుండి వచ్చెను. నీరు నూనెవలె పనిచేసి మన్నును జారునట్లు చేయునని చిరకాలము జనుల నమ్మకము. అది తప్పని మృత్తికాయంత్రశాస్త్రమునకు పునాది వేసిన కార్ల్ టెర్జాగీ స్పష్టముగా చెప్పెను. మన్నురేణువులు ఒకదానిపైనొకటి ఆనియుండు బరువువలన ఒరపిడి కలుగును; ఆ ఒరపిడియే వాలును నిలుపును. సందులలోని నీటి ఒత్తిడి పెరిగినచో రేణువుల మధ్య ఆనిక తగ్గును, ఒరపిడి తగ్గును, వాలు జారును. అంటే, లోపలి నీటి ఒత్తిడి తెలియనిదే వాలు బలము తెలియదు.

ఈ రెండు విద్యలను, అనగా పొలముల నీటి విద్యను, వాలుల బలపు విద్యను, ఒక్కచోటికి తెచ్చినవి కొన్ని నగరముల దుఃఖములు. వానిలో హాంకాంగు దుఃఖమును విపులముగా చెప్పుదుము. ఏలయన, ఆ నగరము ఏడ్చి ఊరకుండక, కొలుచుటకు పూనుకొన్నది.

హాంకాంగు కొండలు గ్రానైటుతోను, అగ్నిపర్వత శిలలతోను ఏర్పడినవి. ఉక్క, వాన కలిసిన ఆ దేశమున రాయి యుగములుగా కుళ్ళి, పైన అనేక మీటర్ల మందమున మన్నుగా మారినది. రెండవ ప్రపంచ యుద్ధానంతరము చైనానుండి లక్షలకొలది జనము వచ్చి చేరగా, నివాసములకై కొండలను తొలిచి, తొలిచిన మన్నును లోయల అంచులలో పోసి, మెట్లుమెట్లుగా నగరమును పెంచిరి. పోసిన మన్నును పొరపొరకు దిమ్మిస కొట్టి గట్టిపరచు ఓపిక చాలచోట్ల లేకపోయినది. బండి వెల్లకిల వేయుట, మన్ను దొర్లిపోవుట, అంతే. కోసిన వాలులకు మాత్రము నీరు ఇంకకుండ సిమెంటు, సున్నము, మన్ను కలిపి పూత పూయుట అచ్చటి వాడుక. ఆ పూతను వారు చునాము అందురు. ఈ మాట మన దేశపు ఓడరేవులనుండి ఇంగ్లీషువారితో ప్రయాణమై పోయినది. మన సున్నమునకు దగ్గరి చుట్టము.

1972 జూన్ 16, 17, 18 తేదీలలో హాంకాంగున 650 మిల్లీమీటర్లకు పైగా వాన కురిసినది. 18వ తేది ఆదివారము. మధ్యాహ్నము ఒంటిగంట దాటిన కొద్దిసేపటికి సౌ మౌ పింగ్ అనుచోట రోడ్డుకొరకు పోసిన మట్టికట్ట ఒక్కుమ్మడిగా బురదయై క్రిందనున్న గుడిసెలను కప్పివేసినది. 71 మంది మరణించిరి. అదే రాత్రి 9 గంటల ప్రాంతమున, నగరపు మరియొక అంచున, సంపన్నులు నివసించు పో షాన్ రోడ్ కొండ జారి, పండ్రెండు అంతస్తుల మేడను నేలగూల్చినది. అచ్చట 67 మంది మరణించిరి. ఒకే దినమున గుడిసెవాసికిని, మేడవాసికిని ఒకే నీరు మృత్యువైనది.

ఇందులో మమ్ము అన్నిటికంటె కలవరపెట్టు సంగతి యేమనగా, లెక్క అప్పటికే ఉండెను. హాంకాంగు విశ్వవిద్యాలయములో ఆచార్యుడైన పీటర్ లంబ్ 1962లోనే వానకు తడియు పొర ఎంత లోతునకు దిగునో చెప్పు సులభసూత్రమొకటి ప్రకటించియుండెను. పై సమీకరణముల జోలికి పోకుండ ఎవరైనను వేయదగిన లెక్క అది. మన్ను గంటకు ఎంత నీటిని లోనికి పోనిచ్చునో దానిని గంటల సంఖ్యతో హెచ్చించి, మన్నులో నీటికి ఇంకను మిగిలియున్న ఖాళీచోటు పాలుతో భాగించినచో లోతు వచ్చును.

శ్రోతలు కాగితము, పెన్సిలు తీసికొన్నచో మేము దృష్టాంతమునకు కొన్ని అంకెలు చెప్పుదుము. మన్నులో నూటికి 40 పాళ్ళు సందులనుకొందము. అది గంటకు 36 మిల్లీమీటర్ల నీటిని లోనికి పోనిచ్చునట్టిది. వాన అంతకు తగ్గక పది గంటలు కురిసినది. అనగా ఇంకిన నీరు 360 మిల్లీమీటర్లు. వానకు ముందు సందులలో సగము నీరుండెను. వాన తరువాత నూటికి 90 వంతులు నిండినవి. క్రొత్తగా నిండిన చోటు మొత్తము మన్నులో నూటికి 16 పాళ్ళు. భాగించి చూడగా తడి దిగిన లోతు 2 మీటర్ల 25 సెంటిమీటర్లు. ఇప్పుడు ఒక్క అంకెను మార్చుదము. వానకు ముందే సందులలో సగమునకు బదులు నూటికి 70 వంతులు నీరుండెననుకొందము. ఖాళీ 8 పాళ్ళే. అదే వానకు తడి 4 మీటర్ల 50 సెంటిమీటర్లు దిగును! వానమాపకము రెండు సందర్భములందును ఒకే అంకె చూపును. మేమును రేడియోలో ఒకే అంకె చదువుదుము. ఒక వాలు నిలుచును, ఒక వాలు కూలును. తేడా చేసిన అంకె ఆకాశములో లేదు, మన్నులో ఉన్నది. దానిని మన్నులోనికి పోయి కొలువవలసినదే.

నాలుగేండ్లు గడచినవి. 1976 ఆగస్టు 25న తుపాను తెచ్చిన వానకు సౌ మౌ పింగ్‌లోనే మరల మట్టికట్టలు బురదయై పారి, నివాస భవనముల క్రింది అంతస్తులలోనికి చొచ్చుకొనిపోయినవి. 18 మంది మరణించిరి. ఈసారి ప్రభుత్వము స్వతంత్ర నిపుణుల సంఘమును నియమించినది. వారు వాలును త్రవ్వి చూచి, మన్ను మిక్కిలి వదులుగా నున్నదనియు, వాననీరు ఇంకగానే ఆ వదులు మన్ను కూలి ద్రవమువలె పారినదనియు తేల్చిరి. అట్టి కట్టలపై కనీసము 3 మీటర్ల మందము మన్ను తీసివేసి మరల దిమ్మిస కొట్టి నింపవలెనని సూచించిరి. 1977లో వాలుల పర్యవేక్షణకే ఒక ప్రత్యేక కార్యాలయము ఏర్పడినది. అదే సంవత్సరమున కొండచరియల హెచ్చరిక పద్ధతియు మొదలైనది. హెచ్చరిక రేడియోలోను, టెలివిజనులోను ప్రసారమగును. ఆ హెచ్చరిక చదువు మా వృత్తి సోదరులు ఏ అంకెను నమ్మి చదువుదురు?

ఇచ్చట చరిత్ర తిన్నగా నడువలేదు. లంబ్ 1975లో పాత ప్రమాదములను పరిశీలించి, ఆ దినపు వానతోపాటు అంతకు ముందు 15 దినములలో కురిసిన వానను కూడ చూడవలెనని చెప్పెను. మన దృష్టాంతమును బట్టి ఇది సమంజసముగానే తోచును. ముందు కురిసినది మన్నులో నిలిచియుండును గదా! కాని 1984లో హాంకాంగు ప్రభుత్వ ఇంజనీరు బ్రాండ్, అతని సహచరులు మరింత విస్తారమైన లెక్కలు చూచి, వెనుకటి దినముల వానతో అంత పనిలేదనియు, గంటకు 70 మిల్లీమీటర్లను మించు జడివానలే పెద్ద ప్రమాదములకు కారణమనియు నిర్ణయించిరి. ఎవరు సరి? అచ్చటి ముతక మన్ను పట్టిన నీటిని త్వరగా వదలివేయును. రెండువారాల నాటి వానలో ఎంత మిగిలినదో వానమాపకము చెప్పజాలదు. జిగురుమన్ను కొండలైనచో సంగతి వేరు. కనుక మా అభిప్రాయమున ఆ వాదము వానను గూర్చినదే గాని, మన్నులోని తడిని గూర్చినది కాదు. తడిని వానతో ఊహించుట కుదరదని మాత్రము ఇరువురి లెక్కలును చెప్పుచున్నవి.

1980 దశకపు మొదటి సంవత్సరములలో పొలముల టెన్షియోమీటరు హాంకాంగు కొండనెక్కినది. ఒకే వాలున వేర్వేరు లోతులలో గిన్నెలను పాతి, వానకాలము పొడవునను ముల్లులను చదివిరి. సులభమైన పని కాదు. గిన్నెకు, మన్నుకు నడుమ వెండ్రుకవాసి సందున్నను ముల్లు అబద్ధమాడును. గొట్టములో గాలిబుడగ చేరినచో దానిని తీసి మరల నీరు నింపవలెను. వాన హోరున కురియుచుండగా చదివిన అంకెలే విలువైనవి. అట్లు చదువగా, కొన్ని వాలులలో పై పొర చూషణము కొద్ది గంటలలో మాయమగుటయు, కొన్నింట కొన్ని మీటర్ల లోతున అది వానకాలమంతయు నిలిచియుండుటయు, మరికొన్నింట పైనుండి కాక అడుగునుండి నీటిమట్టము పైకి లేచుటయు కనబడినవి. అంతవరకు కాగితముపై కూలిపోవలసిన నిటారు వాలులు కొన్ని ఏల నిలిచియున్నవో ఇప్పుడు అర్థమైనది. చూషణము వానిని పట్టుకొనియున్నది. దానిని నమ్మి ఇండ్లు కట్టవచ్చునా? పిచ్చుకగూటిని నమ్మినంత మట్టునకే, అనిరి జాగ్రత్తపరులు. చూషణమువలన మన్నుకు వచ్చు బలమును లెక్కకట్టు పద్ధతిని కెనడాలో ఫ్రెడ్లండ్, అతని సహచరులు 1978లో ప్రకటించియుండుటచే ఈ వాదమునకు అంకెల ఆధారము దొరకినది.

రేడియో గల ఇంటివారికి ప్రీతికరమగు సంగతి ఇంకొకటి కలదు. 1980లో కెనడాలోనే టాప్, డేవిస్, అన్నన్ అను మువ్వురు విద్యుదయస్కాంత తరంగముతో మన్నులోని నీటిని కొలుచు పద్ధతిని స్థిరపరచిరి. మన్నులో పాతిన లోహపు చువ్వల వెంట ఒక తరంగమును పంపి, అది కొసను తాకి తిరిగివచ్చుటకు పట్టిన కాలమును కొలుతురు. పొడి మన్నురేణువులలో తరంగము వేగముగా పోవును. నీటిలో బహు మెల్లగా పోవును. శాస్త్రజ్ఞులు రోధక స్థిరాంకమని పిలుచు అంకె పొడిరేణువులకు 3 నుండి 5 వరకు, నీటికి ఇంచుమించు 80. ఇంత భేదముండుటచే, తరంగము ఆలస్యమైనకొలది నీరు హెచ్చని నిశ్చయింపవచ్చును. వెండితీగవంటి ఈ ఉపాయమువలన మనిషి వానలో కొండనెక్కకయే క్షణక్షణపు తడిని దూరముననుండి తెలిసికొనుట సాధ్యమైనది. రిచర్డ్స్ సమీకరణమును కంప్యూటరు విప్పుచుండగా, అది చెప్పిన తడిని నేల చూపిన తడితో పోల్చి, తప్పిన చోట లెక్కను సవరింతురు. తప్పుట తరచే. చెట్టు వేరు కుళ్ళిన దారి, ఎలుక త్రవ్విన బొరియ, నీరే తొలుచుకొన్న సొరంగము, ఇవి సమీకరణమునకు తెలియవు.

మనిషి త్రవ్విన దారులును దానికి తెలియవు. 1994 జూలై 23న హాంకాంగున క్వున్ లుంగ్ లౌ అను నివాసముల క్రింది రాతిగోడ కూలి 5 గురు మరణించిరి. విచారింపగా, నేలలో పూడ్చిన మురుగుగొట్టములు కారి, ఆ నీరు గోడ వెనుక మన్నును నానబెట్టుచుండినట్లు తేలినది. ఆ నీరు ఏ వానమాపకములోను పడినది కాదు.

మన దేశమున కేరళలోని మున్నార్ కొండపై అమృత విశ్వవిద్యాపీఠము వారు వాలులో తడిని, నీటి ఒత్తిడిని, కదలికను గుర్తించు పరికరములను పాతి, వాని కొలతలను తీగలు లేకుండ రేడియో తరంగములద్వారా రప్పించుకొను ఏర్పాటు చేసిరి. 2009 జూలై వానలలో ఆ కొలతలను బట్టి హెచ్చరిక జారీచేయగలిగిరి. అదే జిల్లాలోని పెట్టిముడి తేయాకు తోటల కార్మికుల ఇండ్లపై 2020 ఆగస్టు 6 రాత్రి కొండ జారి 70 మంది మరణించిరి. పరికరములు పాతిన వాలు వేరు, జారిన వాలు వేరు. 2024 జూలై 30 తెల్లవారకముందే వయనాడులో రెండువందలకు పైగా ప్రాణములు పోయినవి. అచ్చట ముందటి వానలకే నేల నానియుండెను. ఆ తరువాత నెల తిరిగి రెండు దినములైనదో లేదో, ఆగస్టు 31న, విజయవాడ మొగల్రాజపురములో సున్నపు బట్టీల సెంటరు కడ కొండచరియ విరిగి ఇండ్లపై పడినది. ఆ ఉదయము మేము చదివిన వార్తలలోనూ సెంటిమీటర్లు ఉండెను.

1972లో 67 మందిని పొట్టనబెట్టుకొన్న పో షాన్ కొండ లోపల 2000 దశకపు చివరి సంవత్సరములలో రెండు సొరంగములు తొలిచిరి. వానినుండి పైకి, కొండగర్భములోనికి, అనేక సన్నని గొట్టములు దిగగొట్టిరి. వాన కురిసినప్పుడు కొండ త్రాగిన నీరు ఆ గొట్టములవెంట జారి సొరంగములో పడి బయటకు పారును. కొండలోని నీటిమట్టమును యంత్రములు రేయింబవళ్ళు కొలుచుచుండును.